పుష్-పుల్ ఇన్వర్టర్‌లో ఒకవైపు మాస్ఫెట్లే కాలుతుంటే: నా అనుభవం

12 వోల్టుల బ్యాటరీతో 1000 వాట్ల పుష్-పుల్ ఇన్వర్టర్ కట్టాను. ఇందులో రెండువైపులా ఉన్న మాస్ఫెట్లు (ఎలక్ట్రానిక్ స్విచ్చులు) వంతులవారీగా ట్రాన్స్‌ఫార్మర్‌ని నడుపుతాయి. చిన్న లోడ్‌కి బాగానే నడిచేది. లోడ్ పెంచితే ఒకవైపు మాస్ఫెట్లే కాలిపోయేవి. పెద్ద హీట్‌సింక్ వేయమని చాలామంది అంటారు గానీ, దాంతో పోయే జబ్బు కాదిది.

మాస్ఫెట్ డ్రెయిన్ (ట్రాన్స్‌ఫార్మర్‌కి కలిపే కాలు) దగ్గర ఆసిల్లోస్కోప్ పెట్టి చూశాను. పుష్-పుల్‌లో ఆఫ్‌లో ఉన్న మాస్ఫెట్ మీద ఎలాగూ బ్యాటరీ వోల్టేజీకి రెట్టింపు పడుతుంది. దానిపైన ట్రాన్స్‌ఫార్మర్ లీకేజ్ ఇండక్టెన్స్ (చుట్ల మధ్య అయస్కాంత క్షేత్రం పూర్తిగా కలవకపోవడం వల్ల వచ్చేది) తెచ్చే స్పైక్, అంటే క్షణకాలపు వోల్టేజీ పోటు, మాస్ఫెట్ల 55 వోల్టుల రేటింగ్‌ను తాకుతోంది. కాలిపోతున్న వైపు ప్రైమరీ (బ్యాటరీ వైపు) చుట్లు సెకండరీకి (అవుట్‌పుట్ వైపు చుట్లకి) దూరంగా బయటి పొరలో ఉన్నాయి మరి.

ట్రాన్స్‌ఫార్మర్ విప్పి, ప్రైమరీ రెండు సగాలనూ రాగి రేకుతో జంటగా కలిపి చుట్టాను. స్పైక్ చాలావరకు దీంతోనే తగ్గింది. 1000 వాట్లంటే బ్యాటరీ నుంచి దాదాపు 100 ఆంపియర్లు. అక్కడ అంగుళం తీగ కూడా లెక్కలోకి వస్తుంది. అందుకే తక్కువ ఈఎస్ఆర్ (లోపలి నిరోధం) ఉన్న కెపాసిటర్లను సెంటర్ ట్యాప్‌కి (ప్రైమరీ మధ్య నుంచి బ్యాటరీకి వెళ్లే కొస), మాస్ఫెట్ల సోర్సు కాళ్లకి బాగా దగ్గరగా పెట్టాను. డ్రెయిన్ల దగ్గర ఆర్‌సీ స్నబ్బర్లు (స్పైక్‌ను అణిచే రెసిస్టర్-కెపాసిటర్ జతలు), 100 వోల్టుల మాస్ఫెట్లు వేశాను. ఆన్ రెసిస్టెన్స్ కాస్త పెరిగింది, ఫర్వాలేదు.

రెండువైపులా పల్సు వెడల్పు సమానంగా లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్ కోర్ ఒకవైపుకి శాచురేట్ అవుతుంది, అంటే అయస్కాంతత్వం ఇక పెరగలేని స్థితికి చేరుతుంది. కరెంట్ మోడ్ కంట్రోలర్ (ప్రతి పల్సులో కరెంట్‌ను చూసి పల్సును ఆపే చిప్) దాన్ని ప్రతి పల్సుకీ సరిచేస్తుంది కాబట్టి దానికే మారాను.