పండగ ఫోటో స్టాల్: క్యూ ఎక్కడ ఆగుతోంది, ప్రింటు ఎందుకు చెడుతోంది

సంక్రాంతికి విశాఖ ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్ల సెల్లార్లో, దసరాకి పందిరి పక్కన, క్రిస్మస్‌కి చర్చి ఆవరణలో, సెలవుల్లో బీచ్ దగ్గర ఫోటో తీసి అక్కడికక్కడే ప్రింటు చేతిలో పెట్టే స్టాళ్ల కోసం ఇది. ఒక కెమెరా, రెండు ఫ్లాష్‌లు, ఒక ల్యాప్‌టాప్, రోల్‌తో నడిచే డై సబ్లిమేషన్ ప్రింటర్ (రిబ్బన్ మీది రంగును వేడితో కాగితానికి ఎక్కించేది) ఉన్నాయనుకుని రాస్తున్నాం. ఇంక్‌జెట్‌తో పండగ స్టాల్ పెట్టొద్దు. వేగం చాలదు, తడిచేయి తగిలితే రంగు కారే ఇంకులూ ఉంటాయి.

క్యూ కదలడం లేదు

అందరూ ముందు ప్రింటర్నే తిడతారు. ఈ తరగతి ప్రింటర్లు చాలావరకు 4×6 ప్రింటు పావు నిమిషంలో ఇచ్చేస్తాయి. ఒక కుటుంబాన్ని నిలబెట్టి తీయడానికి ఒకటిన్నర నిమిషం చాలు. మరి టైమంతా ఎక్కడ పోతోంది? ఎంపిక దగ్గర. పదిహేను ఫ్రేములు తీసి అన్నీ చూపిస్తే, "ఇందులో మా ఆయన కళ్లు మూసేశారు, అందులో పాప పక్కకి చూస్తోంది, ఉండండి అత్తయ్యగారిని పిలుస్తాను" అంటూ ఐదు నిమిషాలు గడుస్తాయి. అంతసేపూ ప్రింటర్ ఖాళీయే.

కుటుంబానికి మూడు ఫ్రేములు తీయండి. చంటిపిల్లలుంటే ఐదు. ల్యాప్‌టాప్ దగ్గరున్నవాళ్లే అందులో మంచివి రెండు ఏరి, కస్టమర్ వైపు తిప్పిన విడి మానిటర్ మీద పక్కపక్కన చూపించాలి. "ఏది కావాలి?" అనొద్దు, "ఇదా, ఇదా?" అనండి. రెండూ నచ్చితే రెండు కాపీలు అమ్ముడవుతాయి, ఇబ్బందేం లేదు.

పని ముగ్గురి మధ్య పంచండి. ఒకరు కెమెరా, ఒకరు ల్యాప్‌టాప్, ఒకరు డబ్బు, ప్రింటు పెట్టి ఇచ్చే కాగితం ఫోల్డర్లు. ఇద్దరే ఉంటే ల్యాప్‌టాప్ మనిషే డబ్బు తీసుకోవాలి. కెమెరా మనిషి కెమెరా వదలకూడదు. ఆయన చిల్లర వెతుకుతుంటే వెనకున్న పది కుటుంబాలు ఆగిపోతాయి.

ఫైలు సైజు కూడా చూడండి. 4×6 ప్రింటుకి 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) కావలసింది 1800×1200 పిక్సెళ్లే. 24 మెగాపిక్సెల్ కెమెరాలో స్మాల్ జేపెగ్ పెట్టినా దాదాపు 3000×2000 వస్తుంది, అది 6×8కి కూడా సరిపోతుంది. రా ఫైళ్లు (కెమెరా కుదించకుండా దాచే పెద్ద ఫైళ్లు) పెళ్లి ఆల్బమ్‌కి ఉంచుకోండి.

ఒకరి ఫోటో ఇంకొకరి చేతికి వెళ్తోంది

ఒకే రంగు పట్టుచీరలు, ఒకేలాంటి కుర్తాలు. ముఖం చూసి గుర్తుపట్టడం రద్దీలో జరిగే పని కాదు. రెండు ముక్కల టోకెన్ పుస్తకం కొనండి. ఒక ముక్క కుటుంబానికి ఇవ్వండి. ప్రతి కుటుంబానికీ మొదటి ఫ్రేము టోకెన్ నంబరుతో తీయాలి, పిల్లాడి చేతిలో పట్టించి తీసినా సరే. రెండో ముక్క ప్రింటుతో పాటే ఫోల్డర్లోకి వెళ్లాలి.

ఫోటో కెమెరా నుంచి ల్యాప్‌టాప్‌కి రావడం లేదు

ఉదయం ట్రయల్‌లో బాగా పనిచేసిన వైఫై, సాయంత్రం చుట్టూ వందల ఫోన్లు చేరేసరికి మొరాయిస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీద ఆధారపడొద్దు. యూఎస్‌బీ కేబుల్ వాడండి. మామూలు కేబుల్ ఐదు మీటర్లు దాటితే నమ్మకం లేదు, దూరమైతే రిపీటర్ ఉన్న యాక్టివ్ కేబుల్ కావాలి. దాన్ని ట్రైపాడ్ కాలికి ఒక చుట్టు చుట్టి, నేలమీద టేపు వేయండి. పిల్లలు తన్నుకుపోతే కెమెరా సాకెట్టే ఊడుతుంది.

6×8లో చివరివాళ్ల భుజాలు తెగిపోతున్నాయి

కెమెరా ఫ్రేము నిష్పత్తి 3:2. 4×6 కూడా అంతే కాబట్టి తేడా తెలియదు. 6×8 మాత్రం 4:3. పొడవులో తొమ్మిదో వంతు కోతకు పోతుంది. 5×7లో పదిహేనో వంతు. గ్రూపుకి రెండు పక్కలా జాగా వదిలి తీయండి. వ్యూఫైండర్‌లో గ్రిడ్ గీతలు పెట్టుకుంటే ఇంకా తేలిక. ఫ్రేమింగ్ ప్రతిసారీ మారకుండా నిలబడే చోట నేలమీద రంగు టేపు వేయండి.

బీచ్‌లో ముఖాలు నల్లగా, లేదా కళ్లు చికిలిస్తూ

మన తీరం తూర్పు, ఆగ్నేయం వైపు చూస్తుంది. పొద్దున్న సముద్రం వెనక పెడితే సూర్యుడు వాళ్ల వెనకే ఉంటాడు. ఫ్లాష్ వేయకపోతే ముఖాలు బొగ్గే. సాయంత్రం అదే చోట సూర్యుడు మీ వెనక, వాళ్ల కళ్లల్లో. జనవరిలో విశాఖలో సూర్యాస్తమయం ఐదున్నర దాటాక కాసేపటికే. ఎండ తగ్గిన తర్వాత వచ్చే అరగంటే అసలు అమ్మకాల వేళ. కైలాసగిరి మీదా ఇంతే, కాకపోతే అక్కడ గాలి ఎక్కువ.

గాలికి గొడుగు లైటు తెరచాపలా ఎగురుతుంది. దాన్ని తీసి 60 సెంటీమీటర్ల చిన్న సాఫ్ట్‌బాక్స్ (ఫ్లాష్ వెలుగును మెత్తబరిచే గుడ్డ పెట్టె) పెట్టండి, ప్రతి స్టాండుకీ కనీసం ఐదు కేజీల ఇసుక సంచి వేలాడదీయండి. బీచ్ రోడ్డులో స్టాల్‌కి ముందే అనుమతి తీసుకోండి. డ్రోన్ ఆలోచన పెట్టుకోవద్దు, ఇది నావికాదళం ఉన్న ఊరు.

కారులోంచి దించగానే లెన్సు మంచు పట్టినట్టు మసక

ఏసీలో చల్లబడిన గాజుకి సముద్రపు తేమ తగిలితే ఆవిరి పడుతుంది. గుడ్డతో తుడిస్తే మళ్లీ పడుతుంది. కెమెరాను జిప్ కవర్లో ఉంచి అరగంట ముందే బయట పెట్టండి. ఇంటికొచ్చాక కొద్దిగా తడిపిన మెత్తటి బట్టతో కెమెరా ఒళ్లంతా ఉప్పు తుడవండి.

కళ్లద్దాల్లో మెరుపు, జరీ తెల్లగా తేలడం, ఫోటోలో చారలు

మొదటి రెండిటికీ కారణం ఫ్లాష్ కెమెరా పక్కనే ఉండటం. తలకంటే బాగా పైకెత్తి, పక్క నుంచి 45 డిగ్రీల్లో కొట్టండి. రెండు వరుసల గ్రూపుకి ఎఫ్/8 అపర్చర్, 1/125 షట్టర్, ఐఎస్‌ఓ 400తో మొదలుపెట్టి ఫ్లాష్ సర్దుకోండి. చారలు పందిరి ఎల్‌ఈడీ సీరియల్ సెట్ల వల్ల. మన కరెంటు 50 హెర్ట్జ్, లైటు సెకనుకి 100 సార్లు మిణుకుతుంది. షట్టర్ 1/100 లేదా 1/50 పెడితే చాలా సెట్లలో పోతాయి.

ప్రింటు మీద చుక్కలు, గీతలు, ముడతలు

ఒకే దూరంలో మళ్లీ మళ్లీ వచ్చే చుక్క రోలర్ మీది దుమ్ము. ఇసుక రేణువు ఒక్కటి చాలు. కాగితం కదిలే దిశలో ప్రింటు పొడవునా వచ్చే సన్నని గీత థర్మల్ హెడ్ (ప్రింటర్‌లో వేడెక్కే భాగం) మీది మురికి, లేదా హెడ్ దెబ్బతింది. ప్రింటర్ ఆపి, చల్లారాక, దూది పోచలు ఊడని స్వాబ్‌కి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది ఒకే దిశలో తుడవండి. గోరు, బ్లేడు తగలనివ్వొద్దు. వేలిముద్ర మచ్చలు రోల్ ఎక్కించేటప్పుడు చెమట చేత్తో కాగితం ముట్టుకున్నందుకు. ముడతలు తేమ, వేడి ఎక్కువైనప్పుడు, లేదా రిబ్బన్ వదులుగా ఎక్కించినప్పుడు. ప్రింటర్‌కి గాలి తగిలే నీడ, మీద పల్చటి బట్ట, పెట్టె కింద ఇసుక తగలకుండా బల్ల ఉండాలి.

డీఎన్‌పీ ఆర్‌ఎక్స్1 రకం ప్రింటర్లో ఒక రోల్‌కి 4×6 ప్రింట్లు 700. కాగితం, రిబ్బన్ జంటగానే మార్చాలి. 50 మిగిలాక రద్దీ వస్తుందనిపిస్తే ముందే మార్చేసి, ఆ పాత జంటను కవర్లో కట్టి ఖాళీ వేళకి దాచండి.

ప్రింటు మధ్యలో ఆగిపోతోంది

మైకు సెట్టు, లైట్లు, టీ కెటిల్ ఉన్న ప్లగ్గు నుంచే లైను లాగి ఉంటారు. ప్రింటర్‌కి వేడి చేసే క్షణంలో సుమారు 300 వాట్లు కావాలి. సన్నని పొడవాటి ఎక్స్‌టెన్షన్ తీగలో ఓల్టేజ్ పడిపోతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో విడి లైను అడగండి. 600 వీఏ యూపీఎస్ సరిపోదు, 1 కేవీఏ తీసుకోండి.

తెలుగు శుభాకాంక్షలు చెదిరిపోతున్నాయి

డిజైన్ చేసిన కంప్యూటర్‌లోని ‘అను’ తెలుగు ఫాంటు స్టాల్ ల్యాప్‌టాప్‌లో లేదు. ఫ్రేమును అక్షరాలతో సహా పీఎన్‌జీ బొమ్మగా సేవ్ చేయించండి. అక్షరాలు అంచుకి కనీసం 60 పిక్సెళ్లు లోపల ఉండాలి, బోర్డర్ లేని ప్రింటులో అంచు కొంచెం తెగుతుంది.

చూసి మెచ్చుకుంటున్నారు, కొనడం లేదు

ధరల బోర్డులో ఆరు రకాలుంటే నిర్ణయం వాయిదా పడుతుంది. మూడే పెట్టండి: ఒక 4×6, రెండు 4×6, ఒక 6×8. 6×8కి రోల్‌లో రెండు 4×6ల మేర ఖర్చవుతుంది, ధర వేసేటప్పుడు మర్చిపోవద్దు. గుండ్రటి అంకెలే రాయండి. ప్రింటును మందపాటి కాగితం ఫోల్డర్లో పెట్టి చూపిస్తే వద్దనేవాళ్లు తగ్గుతారు. వేర్వేరు బ్యాంకుల క్యూఆర్‌లు రెండు, వేర్వేరు నెట్‌వర్క్ ఫోన్లలో ఉంచండి, పండగ సాయంత్రం ఏదో ఒకటి మొండికేస్తుంది. సాఫ్ట్ కాపీ వాట్సాప్‌లో ఫోటోగా కాక డాక్యుమెంట్‌గా పంపండి, క్వాలిటీ పోదు.

వాడేసిన రిబ్బన్ మీద ప్రతి కుటుంబం ముఖాలూ నెగెటివ్‌లా మిగిలి ఉంటాయి. చెత్తబుట్టలో వేసే ముందు కత్తిరించి ముక్కలు చేయండి, ల్యాప్‌టాప్‌లోని పిల్లల ఫోటోలు కూడా ఆర్డర్లు తేలాక తుడిచేయండి.