డక్టు ఏసీ ఉన్నా చల్లబడని గది: నా అనుభవం

మాది చెన్నై అన్నా నగర్‌లో పాత ఫ్లాట్. హాలుకూ రెండు గదులకూ కలిపి ఒకటే డక్టు ఏసీ, అంటే సీలింగ్ పైన గొట్టాల (డక్టుల) గుండా అన్ని గదులకూ చల్లగాలి పంపే ఏసీ. మే నెలలో హాలు చల్లగానే ఉండేది, చివరి బెడ్రూమ్‌లో మాత్రం అమ్మకు రాత్రంతా ఉక్కపోతే. మెకానిక్ వచ్చి గ్యాస్ నింపి వెళ్లాడు. ఏమీ మారలేదు.

ఒక ఆదివారం ఫాల్స్ సీలింగ్ మూత తీసి, నిచ్చెనెక్కి చూశాను. ఏసీ నడుస్తుండగానే అగరుబత్తి వెలిగించి డక్టు అతుకుల వెంట పట్టుకున్నాను. ఒకచోట పొగ విసురుగా పక్కకు కొట్టింది. అక్కడ చుట్టిన గుడ్డ టేపు జిగురు ఎండిపోయి, వేలితో లాగితే ఊడి చేతికొచ్చింది. అమ్మ గదికి వెళ్లాల్సిన చల్లగాలి సీలింగ్ పైనే పోతోందన్నమాట! పైగా ఆ గదివైపు వెళ్లే మెత్తటి గొట్టం కిందికి జారి, మలుపులో నలిగిపోయి ఉంది.

ఏసీ ఆపి, అతుకుల మీద దుమ్ము తుడిచి, తడి ఆరాక అల్యూమినియం ఫాయిల్ టేపు గట్టిగా అదిమి అంటించాను. పేరుకు డక్ట్ టేపే అయినా గుడ్డ టేపు మాత్రం డక్టులకు వేయించకండి, నిలవదు. పెద్ద సందులకు మాస్టిక్ (సందులు మూసే చిక్కటి పేస్టు) పూశాను. గొట్టాన్ని వెడల్పాటి పట్టీలతో పైకి కట్టి, సాగదీసి బిగించాను. సన్న తీగతో కడితే మళ్లీ నొక్కుకుపోతుంది. చెన్నై గాలిలో తేమ ఎక్కువ కదా, డక్టు చుట్టూ ఉన్న ఇన్సులేషన్ పొర చిరిగినచోట నీటిబొట్లు పట్టి సీలింగ్ మీద మరక పడింది. ఆ చిరుగునూ పూర్తిగా మూసేశాను. ఫిల్టర్ కడగడం సరేసరి.

ఇదివరకు 22లో పెట్టేవాళ్లం, ఇప్పుడు 26 చాలు. మొదటి రాత్రే అమ్మ దుప్పటి అడిగింది.