ఫ్రెంచ్ ఇంపర్‌ఫెక్ట్ సబ్జంక్టివ్: రూపాలు, ప్రయోగం

కోరిక, సందేహం వంటివి తెలిపే క్రియారూపం సబ్జంక్టివ్; అందులో భూతకాలానికి చెందినది ఇంపర్‌ఫెక్ట్ సబ్జంక్టివ్. దీని రూపాలను విడిగా వల్లె వేయనవసరం లేదు. పాసే సేంప్ల్ అనే గ్రాంథిక భూతకాలంలోని ఏకవచన మధ్యమపురుష రూపాన్ని తీసుకుని ప్రత్యయాలు చేర్చితే, క్రమక్రియలకైనా అపక్రమక్రియలకైనా రూపాలు సిద్ధిస్తాయి. 'మాట్లాడు' అనే అర్థమున్న పార్లే క్రియకు 'త్యు పార్లా' ఆధారం. దాని నుంచి 'జ పార్లాస్', 'నూ పార్లాసియోఁ', 'వూ పార్లాసియే' వస్తాయి.

జాగ్రత్త పడవలసింది ఏకవచన ప్రథమపురుషలోనే. అక్కడ 'స్' ధ్వని ఉండదు. చివర పలకని 'టి' అక్షరం, దాని ముందున్న అచ్చుపై టోపీ ఆకారపు సర్కోంఫ్లెక్స్ గుర్తు తప్పనిసరి. 'ఉండు' అనే అర్థమున్న ఎత్ర్ క్రియకు వచ్చే 'ఇల్ ఫ్యు' పాసే సేంప్ల్‌లోనూ, ఇంపర్‌ఫెక్ట్ సబ్జంక్టివ్‌లోనూ ఒకేలా వినబడుతుంది కనుక, రాతలో ఆ గుర్తు ఒక్కటే తేడా చూపుతుంది. ఫినీర్ ('ముగించు') వంటి రెండో వర్గపు క్రియలలోనైతే ఈ ఒక్క రూపం తప్ప మిగిలినవన్నీ ప్రెజెంట్ సబ్జంక్టివ్‌తో సమానమే.

ప్రధాన వాక్యంలోని క్రియ భూతకాలంలోగాని కండిషనల్‌లోగాని (షరతును సూచించే రూపంలో) ఉండి, ఉపవాక్యం సబ్జంక్టివ్‌ను కోరినప్పుడు సంప్రదాయ వ్యాకరణం దీనిని విధిస్తుంది: 'జ వూలే కిల్ వేఁ', అంటే 'అతను రావాలని కోరుకున్నాను'. నేటి సంభాషణలో మాత్రం ప్రెజెంట్ సబ్జంక్టివ్‌తో 'కిల్ వియెన్' అనడమే సహజం; పరీక్షల్లోనూ ఈ మార్పును తప్పుగా పరిగణించరాదని ఫ్రాన్స్ విద్యాశాఖ 1976లో ఉత్తర్వు ఇచ్చింది. కాబట్టి చదివి గుర్తుపట్టడానికి అన్ని రూపాలూ నేర్చుకోవాలి. రాయడానికి ప్రథమపురుష చాలు, ఎందుకంటే 'పార్లాసియోఁ' వంటివి ఫ్రెంచివారి చెవికే ఆడంబరంగా తోస్తాయి.