కంపెనీ డబ్బు లెక్కలు – 6వ పాఠం: మార్చి 31న కనిపించని కోట్లు

ముందు పోయిన పాఠం లెక్క చూద్దాం. పది రోజుల్లో కడితే బిల్లులో 2 శాతం తగ్గింపు, లేదంటే 30వ రోజు మొత్తం కట్టాలి అన్నాడు సరుకు ఇచ్చినాయన. తగ్గింపు వదులుకుంటే మన మీద పడే వడ్డీ ఎంత? 98 రూపాయలను ఇంకో 20 రోజులు వాడుకున్నందుకు 2 రూపాయలు కడుతున్నాం. 2ను 98తో భాగించి 365/20తో గుణిస్తే ఏడాదికి 37.2 శాతం. 36.5 వచ్చినవాళ్లు 98 బదులు 100తో భాగించారు, దారి మాత్రం సరైనదే. 24 వచ్చినవాళ్లు మొదటి పది రోజులను కూడా వడ్డీ రోజుల్లో కలిపేశారు. ఆ పది రోజులు ఎలాగూ ఉచితం. బ్యాంకులో 10, 12 శాతానికి ఓవర్‌డ్రాఫ్ట్ దొరికే కంపెనీ, అప్పు తెచ్చి అయినా ఆ తగ్గింపు తీసుకోవాలి.

ఇక ఈసారి వర్కింగ్ క్యాపిటల్, అంటే రోజువారీ వ్యాపారం నడవడానికి కావలసిన డబ్బు. యూనివర్సిటీ సిలబస్‌లలో ఇది సాధారణంగా చివరి యూనిట్. కొత్త పెట్టుబడి గిట్టుబాటవుతుందో లేదో తేల్చే ఎన్‌పీవీ, ఐఆర్‌ఆర్ లెక్కలకు వారాలు గడిచిపోతాయి. పరీక్షల టెన్షన్ మొదలయ్యాక దీన్ని రెండు క్లాసుల్లో చుట్టేస్తారు. నా మట్టుకు నాకు ఇది తలకిందుల వ్యవహారం. కొత్త యంత్రం కొనాలా వద్దా అన్న ప్రశ్న ఒక మామూలు కంపెనీకి నాలుగైదేళ్లకోసారి వస్తుంది. శనివారం కూలీలకు ఇవ్వాల్సిన డబ్బు ఎక్కణ్ణుంచి తేవాలన్నది వారం వారం వస్తుంది.

నగదు చక్రం సూత్రం మీకు తెలిసిందే. సరుకు మన దగ్గర ఎన్ని రోజులు ఉంటుంది, అమ్మాక డబ్బు రావడానికి ఎన్ని రోజులు పడుతుంది, ఈ రెండూ కలపండి. మనం ఇవ్వాల్సినవాళ్లు ఎన్ని రోజులు ఆగుతారో అది తీసేయండి. మిగిలినదే నగదు చక్రం. చేతి నుంచి వెళ్లిన రూపాయి తిరిగి చేతికి రావడానికి పట్టే కాలం. ఇంతవరకు పేచీ లేదు. పేచీ అంతా ఆ రోజులను ఎక్కణ్ణుంచి తీసుకుంటామన్న దగ్గరే ఉంది. పరీక్షలో బాలెన్స్ షీట్, అంటే ఒక్క రోజు నాటి ఆస్తులు, అప్పుల పట్టిక ఇస్తారు. అది మార్చి 31 నాటిది.

మన చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీని తీసుకుందాం. జూన్, జూలైలలో చిత్తూరు, బంగారుపాళ్యం రోడ్ల మీద వెళ్లినవాళ్లకు ఫ్యాక్టరీ గేట్ల ముందు తోతాపురి ట్రాక్టర్ల వరస తెలుసు. కాయ వచ్చేది ఆ రెండు నెలలే. గుజ్జు అమ్ముడుపోయేది ఆ తర్వాత నెలల తరబడి. వేడి చేసి, సూక్ష్మక్రిములు లేకుండా సంచుల్లో నింపి, సంచిని ఇనప డ్రమ్ములో పెట్టి మూసేస్తారు. డ్రమ్ముకు సుమారు 215 కిలోలు పడుతుంది. కోల్డ్ స్టోరేజీ అక్కర్లేకుండానే ఏడాది పైన నిలవ ఉంటుంది.

ఇప్పుడు చెప్పే ఫ్యాక్టరీ, దాని అంకెలు లెక్క కోసం నేను ఊహించినవి. సీజన్‌లో 10,000 టన్నుల కాయ, కిలో 10 రూపాయలు, అంటే 10 కోట్లు. జూన్‌లో సగం, జూలైలో సగం కొంటారు. రైతుకు డబ్బు నెల తర్వాత ఇస్తారు. రెండు టన్నుల కాయకు టన్ను గుజ్జు అనుకుంటే 5,000 టన్నులు. కూలి, కరెంటు, బాయిలర్, సంచులు, డ్రమ్ములు అన్నీ కలిపి 5 కోట్లు, అదీ ఆ రెండు నెలల్లోనే చెరి సగం, అప్పటికప్పుడు చెల్లింపు. మొత్తం ఖర్చు 15 కోట్లు, అంటే కిలో గుజ్జుకు 30 రూపాయలు. ఒక్కో డ్రమ్ములో 6,450 రూపాయలు మూతేసి పెట్టినట్టే. అలాంటివి షెడ్డులో 23 వేల పైచిలుకు. అమ్మకం ఆగస్టు నుంచి మార్చి దాకా, నెలకు రెండున్నర కోట్లు, మొత్తం 20 కోట్లు. కొన్నవాళ్లకు రెండు నెలల అరువు. జీతాలు, అద్దెలు వగైరా నెలకు 10 లక్షలు. వడ్డీ, పన్ను ప్రస్తుతానికి పక్కన పెడదాం.

ఈ ఫ్యాక్టరీ మార్చి 31 బాలెన్స్ షీట్ ఎలా ఉంటుంది? గుజ్జంతా అమ్ముడైపోయింది, స్టాక్ సున్నా. రైతులకు బాకీ సున్నా. రావలసినవి ఫిబ్రవరి, మార్చి అమ్మకాలు, 5 కోట్లు. ఈ కాగితం చేతికిచ్చి చక్రం ఎన్ని రోజులని అడిగితే క్లాసులో దాదాపు అందరూ ఒకే జవాబు రాస్తారు. 5ను 20తో భాగించి 365తో గుణించి, 91 రోజులు. సూత్రం ప్రకారం తప్పు పట్టడానికి లేదు. అసలు సంగతి చూస్తే రెండు చోట్లా తప్పే. అరువు 60 రోజులే, కానీ అమ్మకాలు ఎనిమిది నెలల్లోనే జరగడం వల్ల 91 అని వచ్చింది. నెలల తరబడి షెడ్డులో ఉన్న డ్రమ్ములేమో సున్నా రోజులయ్యాయి.

నిజమైన చక్రం వేళ్ల మీద లెక్కేయవచ్చు. తయారీ జూన్, జూలైలలో కాబట్టి మధ్య తేదీ జూలై 1. అమ్మకాల మధ్య తేదీ డిసెంబరు 1. ఈ రెంటికీ మధ్య 153 రోజులు. అరువు 60 కలిపితే 213. రైతు 30 రోజులు ఆగుతున్నాడు, కానీ ఖర్చులో కాయ వాటా మూడింట రెండు వంతులే, కాబట్టి 20 రోజులు తీసేయాలి. 193 రోజులు. పేపర్ మీద మూడు నెలలు, షెడ్డులో ఆరున్నర నెలలు.

పాత కంపెనీల చట్టం, 1956 నాటిది, ఉన్న రోజుల్లో కంపెనీలు తమకు నచ్చిన తేదీన ఖాతాలు ముగించుకునే వీలుండేది. చాలా చక్కెర కంపెనీలు గానుగ సీజన్‌కు తగ్గట్టు సెప్టెంబరు 30న ముగించేవి. 2013 చట్టం వచ్చాక దాదాపు అందరికీ మార్చి 31 అయింది. కంపెనీలను పోల్చి చూడటానికి అది మంచిదే. సీజన్ వ్యాపారాల ఖాతాలు చదివేవాళ్లకు మాత్రం ఒక పని పెరిగింది, ఆ పనే ఈ పాఠం.

బాలెన్స్ షీట్ పక్కన పెట్టి నెలవారీ నగదు పట్టిక వేయండి. జూన్ 1న చేతిలో సున్నా అనుకుందాం. నోట్‌బుక్‌లో మీరే వేసి, తర్వాత కిందివాటితో సరిచూసుకోండి. నెల చివర మొత్తం లక్షల్లో:

జూన్: 260 పోయింది, లోటు 260
జూలై: 760 పోయింది, లోటు 1,020
ఆగస్టు: 510 పోయింది, లోటు 1,530
సెప్టెంబరు: 10 పోయింది, లోటు 1,540
అక్టోబరు నుంచి నెలకు 240 చొప్పున వచ్చింది, లోటు వరసగా 1,300, 1,060, 820, 580, 340, మార్చి చివర 100
ఏప్రిల్: మిగులు 140
మే: మిగులు 380

సెప్టెంబరు 30న ఈ ఫ్యాక్టరీకి 15 కోట్ల 40 లక్షలు కావాలి. మార్చి 31న బ్యాంకు అప్పు కోటి రూపాయలు మాత్రమే. వార్షిక నివేదికలో ఆ కోటి చూసి, అప్పుల్లేని కంపెనీ అని రాసిన ప్రాజెక్టు రిపోర్టులు నేను దిద్దాను, ఒకటి రెండు కాదు. గరుడసేవ నాటి రద్దీకి ఎన్ని బస్సులు కావాలో ఏడాది సగటు చూసి ఎవరూ లెక్కేయరు కదా.

పట్టిక సరిగ్గా వచ్చిందో లేదో చూసుకునే కిటుకు ఒకటుంది. సెప్టెంబరు చివర షెడ్డులో మిగిలినది నాలుగింట మూడు వంతులు, అసలు ఖర్చు ప్రకారం 11.25 కోట్లు. రావలసిన 5 కోట్లలో మన లాభం 1.25 కోట్లు తీసేస్తే 3.75. రెండూ కలిపి 15. నాలుగు నెలల జీతాలూ అద్దెలూ 40 లక్షలు కలిపితే 15.40. ఇలా రెండు వైపుల నుంచీ ఒకే అంకె రాకపోతే ఎక్కడో ఒక నెల జారిపోయిందన్న మాట.

ఇప్పుడు బ్యాంకు వైపు నుంచి. చిన్న పరిశ్రమల విషయంలో రిజర్వు బ్యాంకు వేసిన నాయక్ కమిటీ 1992లో ఇచ్చిన నివేదిక నుంచి వచ్చిన పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. ఏడాది అంచనా అమ్మకాల్లో 25 శాతం వర్కింగ్ క్యాపిటల్ అవసరం, అందులో 20 బ్యాంకు ఇస్తుంది, 5 యజమాని తెచ్చుకోవాలి. సులువైన లెక్క, కాగితాల గోల తక్కువ. కానీ 25 శాతం అంటే అర్థమేమిటి? రూపాయి ఏడాదికి నాలుగుసార్లు తిరిగి వస్తుందని. అంటే మూడు నెలల చక్రం. మన 91 రోజులు గుర్తుందా? కాగితం మీద మన ఫ్యాక్టరీ ఈ పద్ధతికి అతికినట్టు సరిపోతుంది! 20 కోట్ల మీద 20 శాతం, 4 కోట్లు. కావలసింది 15.40. ఆ 20 శాతం కనీసమే, చక్రం పొడవైతే ఎక్కువ ఇవ్వవచ్చు అన్నది నిబంధనల్లోనే ఉంది. అందుకే సీజన్ పరిశ్రమలకు బ్యాంకులు మనం పైన వేసినలాంటి నగదు పట్టికే అడుగుతాయి. అది వేయడం రానివాడు బ్యాంకు మేనేజర్ ముందు కూర్చుని 4 కోట్లకు తలూపి వస్తాడు, జూలై మధ్యలో కాయ కొనడం ఆపేస్తాడు.

లిమిట్, అంటే బ్యాంకు ఇచ్చే అప్పుకు గరిష్ఠ హద్దు, మంజూరైనంత మాత్రాన అంతా తీసుకోనివ్వరు. నెలనెలా స్టాక్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. సరుకు, రావలసిన బాకీలు కలిపి, మనం ఇవ్వాల్సినవి తీసేసి, దాని మీద మార్జిన్, అంటే యజమాని సొంతంగా పెట్టాల్సిన వాటా, పట్టుకుని మిగిలినంతే ఇస్తారు. దాన్నే డ్రాయింగ్ పవర్ అంటారు. మార్జిన్ 25 శాతం అనుకుంటే సెప్టెంబరు చివర సరుకు 11.25, రావలసినవి లాభంతో సహా 5, మొత్తం 16.25 కోట్ల మీద 12.19 కోట్లు. మిగతా 3.21 కోట్లు యజమానివే కావాలి. ఆయన జేబు మీద అన్నిటికంటే ఎక్కువ భారం పడేది సెప్టెంబరులోనేనా? అభ్యాసంలో అడుగుతాను.

2025 సీజన్‌ను ఈ పట్టికలో పెట్టి చూడండి. ముందటి ఏడాది గుజ్జు నిల్వలు మిగిలిపోయాయని ఫ్యాక్టరీలు కొనుగోళ్లకు వెనకాడాయి, తోతాపురి ధర పడిపోయింది. చివరికి ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 అని ప్రభుత్వం ప్రకటించాల్సి వచ్చింది. మిగిలిన పాత డ్రమ్ములు కొత్త కాయ ధరను ఎలా పడగొడతాయి? మన ఫ్యాక్టరీలో ఫిబ్రవరి, మార్చి అమ్మకాలు జరగలేదనుకోండి. ఏప్రిల్, మేలలో రావలసిన 5 కోట్లు రావు. మే చివర 3.80 కోట్ల మిగులు బదులు 1.20 కోట్ల లోటుతో కొత్త సీజన్‌లోకి అడుగుపెడతారు. బ్యాంకు లిమిట్ పాతదే. ఆ 5 కోట్ల మేరకు కాయ తక్కువ కొంటారు. ఇలా పది గేట్లు సగం మూసుకుంటే రోడ్డు మీద ట్రాక్టర్ ఏం చేయాలి? మామిడి చెట్టుకు స్టాక్ స్టేట్‌మెంట్ తెలియదు.

రైతు ఆగే ఆ నెల రోజుల గురించి కూడా ఒక లెక్క చేద్దాం, ఎందుకంటే పాఠ్యపుస్తకాల్లో ఇవ్వాల్సినవాళ్లకు వీలైనంత ఆలస్యంగా ఇవ్వడం తెలివి అని ఉంటుంది. కాయ డబ్బు ఏ నెలది ఆ నెలే ఇచ్చేస్తే జూన్ లోటు 760, జూలై 1,520, ఆగస్టు 1,530, సెప్టెంబరు 1,540. అంటే లోటు శిఖరం అంగుళం కూడా కదల్లేదు. పెరిగింది రెండు నెలల వడ్డీ మాత్రమే, ఒక్కో నెల 5 కోట్ల మీద. 10 శాతం వడ్డీకి అది 8.33 లక్షలు. కాయ కోటి కిలోలు కాబట్టి కిలోకు 8 పైసలు చిల్లర. అదే నెల రోజులకు నూటికి రెండు రూపాయల వడ్డీకి చేబదులు తెచ్చుకున్న రైతుకు కిలో మీద పోయేది 20 పైసలు. ఎనిమిది మిగుల్చుకోవడానికి ఎదుటివాడికి ఇరవై నష్టం. కిలోకు 10 పైసలు తగ్గించి అక్కడికక్కడే డబ్బిస్తానని ర్యాంపు (కాయ కొనే చోటు) దగ్గర బోర్డు పెట్టిన ఫ్యాక్టరీకి రైతు సంతోషంగా కాయ తోలుతాడు, ఫ్యాక్టరీకీ పైసన్నర మిగులుతుంది. పరీక్షలో ఇలా రాస్తే మార్కులు వేస్తారో లేదో చెప్పలేను, నేనైతే వేస్తాను.

అన్ని కంపెనీలకూ ఇంత తిప్పలు ఉండదు. తిరుపతి పక్కన కరకంబాడిలో మొదలైన అమరరాజా బ్యాటరీలు ఏడాది పొడవునా తయారవుతాయి, అమ్ముడవుతాయి. అలాంటి కంపెనీకి మార్చి 31 అంకెలు ఏడాదిలో మిగతా రోజులకు బాగానే దగ్గరగా ఉంటాయి.

అభ్యాసం. ఒకటి, ఆగస్టు చివర డ్రాయింగ్ పవర్ కట్టి, యజమాని సొంతంగా తేవలసింది సెప్టెంబరు కంటే ఎక్కువో తక్కువో చెప్పండి. షెడ్డులో ఎనిమిదింట ఏడు వంతుల సరుకు ఉందని మరవకండి. రెండు, గుజ్జు కొనేవాళ్లు 60 రోజులు బదులు 90 రోజుల అరువు అడిగారు. లోటు శిఖరం ఏ నెలకు జరుగుతుంది, ఎంతవుతుంది, 10 శాతం వడ్డీకి అదనపు ఖర్చెంత? శిఖరం పెద్దగా పెరగలేదని ఒప్పేసుకోకండి, వడ్డీ వరస కూడా వేయండి. మూడు, షేర్ మార్కెట్‌లో నమోదైన ఏదైనా చక్కెర కంపెనీ, అమరరాజా, ఈ రెంటి త్రైమాసిక ఫలితాలు ఉచితంగానే దొరుకుతాయి. వడ్డీ ఖర్చు వరసను నాలుగు త్రైమాసికాలకు పక్కపక్కన రాసి, ఏది ఎక్కువ ఎగుడుదిగుడుగా ఉందో, ఏ నెలల్లో ఉందో గుర్తు పెట్టండి.

జవాబులు 7వ పాఠం మొదట్లో. అందులో ఈ 15 కోట్లకు బ్యాంకు కాకుండా ఇంకెవరు డబ్బిస్తారు, బిల్లు డిస్కౌంటింగ్, గోదాము రశీదు మీద అప్పు, ఎగుమతి ముందస్తు రుణం, వీటి వడ్డీలను ఒకే కొలతకు తెచ్చి పోల్చడం చేద్దాం. 37.2 శాతం లెక్క మళ్లీ పనికొస్తుంది, ఆ పేజీ చించేయకండి.