ఫ్రెంచి నుడికారాన్ని ఇంగ్లీషులోకి తెచ్చేటప్పుడు జాగ్రత్తలు

అనువాదం అప్పగించే ముందు, సమయం ఎంత తక్కువగా ఉన్నా, వీటిని సరిచూసుకోవాలి.

• నుడికారంలా కనిపించని నుడికారాన్ని ముందుగా పట్టుకోవాలి. ‘కుందేలును పెట్టాడు’ అన్న మాట ఎవరినైనా నిఘంటువు తెరిపిస్తుంది, రమ్మని తానే రాలేదన్న అర్థం అక్కడ దొరుకుతుంది. ‘పా తెరీబ్ల్’ మాత్రం ‘నాట్ టెరిబుల్’గా చడీచప్పుడు లేకుండా దిగిపోయి, ‘అంత బాగాలేదు’ అన్న తీర్పును ‘పర్వాలేదు’గా మార్చేస్తుంది.

• గడువులను విడిగా చూడాలి. వాడుకలో ‘ఎనిమిది రోజులు’ అంటే వారం, ‘పదిహేను రోజులు’ అంటే రెండు వారాలు; అయితే వినిమయ బిల్లుల (ఫలానా గడువుకు ఇంత సొమ్ము చెల్లించమని రాసే వ్యాపార పత్రాల) విషయంలో ఫ్రెంచి వాణిజ్య చట్టం వీటిని అచ్చంగా రోజుల లెక్కనే తీసుకుంటుంది కనుక, పత్రం ఏ రకమైనదో తెలియకుండా అంకె మార్చకూడదు.

• మాట స్థాయి తప్పకూడదు. చనిపోవడాన్ని ‘పొగతాగే పైపు విరగ్గొట్టుకున్నాడు’ అంటే ఇంగ్లీషు ‘కిక్ ద బకెట్’ సరిజోడే గాని, మూలంలో గంభీరంగా ఉన్నచోట అది మోటు.

• నుడికారానికి నుడికారమే కావాలని పట్టుబట్టనక్కరలేదు. ‘తాళ్లుగా వాన’కు ఇంగ్లీషులో వానగా కురిసే కుక్కలూ పిల్లులూ ఇప్పుడు పాతబడ్డాయి, ‘ఇట్స్ పోరింగ్’ చాలు.

• రచయిత ఏ ప్రాంతంవారో చూడాలి. ‘బియాన్‌వెన్యూ’ ఫ్రాన్సులో స్వాగతం. కెనడాలోని కెబెక్‌లో, కృతజ్ఞత చెప్పినవారికి జవాబుగానూ అంటారు.