ఫైర్‌బాల్‌ను ఎక్కడ పేల్చాలి?

పాచికలతో ఆడే పాత్రపోషణ ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌లో మాంత్రిక పాత్రలైన విజార్డ్‌కైనా సోర్సరర్‌కైనా 5వ లెవెల్‌లో ఫైర్‌బాల్ మంత్రం అందుతుంది. 150 అడుగుల లోపు మీరు ఎంచుకున్న బిందువు దగ్గర మంట పేలి, 20 అడుగుల వ్యాసార్ధం గల గోళంగా వ్యాపిస్తుంది. అందులో చిక్కిన ప్రతి జీవీ డెక్స్‌టెరిటీ సేవింగ్ త్రో (చురుకుగా తప్పించుకోగలదో తేల్చే పాచిక) వేయాలి. తప్పితే ఆరు ముఖాల పాచికలు ఎనిమిది వేసి వచ్చినంత నష్టం, నెగ్గితే అందులో సగం. నష్టం సగటున 28. మంత్రం బలంలో లోపమేమీ లేదు, పొరపాట్లన్నీ బిందువును ఎంచుకోవడంలోనే జరుగుతాయి.

కొత్తవారు బిందువును శత్రునాయకుడి మీదే పెడతారు. నేనూ మొదట్లో అలాగే పెట్టి, అతనితో తలపడుతున్న మా జట్టు యోధుణ్ణి, అంటే ఫైటర్‌ను, నేలకూల్చాను. గోళం నడుమ ఉన్నవాడికీ అంచున ఉన్నవాడికీ నష్టం ఒకటే కాబట్టి, నాయకుడు అంచులో ఉన్నా చాలు. గళ్ల పటం మీద ఒక్కో గడి 5 అడుగులు. మీ ఫైటర్‌కూ శత్రువుకూ మధ్యనున్న గీత నుంచి శత్రువుల వైపు నాలుగు గళ్లు లెక్కపెట్టి, గీతలు కలిసే చోట బిందువు పెడితే, ముందున్న శత్రువూ వెనకనున్న విలుకాండ్రూ మంటలో పడతారు, ఫైటర్ బయటే ఉంటాడు.

పేలేది గోళమన్న సంగతి చాలామంది మరిచిపోతారు. పైకప్పు ఎత్తుగా ఉంటే, బిందువును తలలకు 16 అడుగుల పైన పెట్టండి; తలల ఎత్తులో మంట వ్యాసార్ధం 12 అడుగులకు తగ్గుతుంది. మిత్రులూ శత్రువులూ దగ్గర దగ్గరగా ఉన్నప్పుడు నాకు అన్నిటికన్నా అక్కరకొచ్చిన ఉపాయం ఇదే. ఎవొకేషన్ విజార్డ్‌కు (మంట, మెరుపు లాంటి మంత్రాల్లో ఆరితేరినవాడికి) ఈ లెక్క అంతగా అవసరం లేదు, మూడో స్థాయి స్లాట్‌తో (స్లాట్ అంటే మంత్రం వేసిన ప్రతిసారీ ఖర్చయ్యే వాటా; ఫైర్‌బాల్‌కు కనీసం మూడో స్థాయిది కావాలి) వేసినప్పుడు తనకు కనిపించే నలుగురిని మంట తాకకుండా కాపాడగలడు.

ఐదో ఎడిషన్ 2014 నియమాల్లో ఈ మంట మూలలు తిరిగి పోతుంది, కాబట్టి స్తంభం చాటున నిలబడిన మిత్రుణ్ణి క్షేమంగా ఉన్నట్టు లెక్కించకండి. ఎవరూ ధరించని, పట్టుకోని వస్తువుల్లో అంటుకునే గుణమున్నవన్నీ తగలబడతాయి. మీరు వెతుకుతున్న పత్రాలు ఆ గదిలోనే ఉంటే మరో మంత్రం వాడడం మేలు. దారిలో కనిపించని అడ్డంకి ఉంటే పేలుడు దానికి ఇవతల, అంటే మీ వైపే జరుగుతుంది.

ఎదుట మాంత్రికుడుంటే 60 అడుగులకు అవతలి నుంచే వేయండి, మీ మంత్రాన్ని అడ్డుకునే కౌంటర్‌స్పెల్ అంతకు మించి అందదు. నిప్పు అంటని ఎర్ర డ్రాగన్ల మీద స్లాట్ వృథా చేయకండి, 5వ లెవెల్‌లో మీకున్న మూడో స్థాయి స్లాట్లు రెండే. పై స్థాయి స్లాట్‌తో వేస్తే స్థాయికి ఒక్క పాచికే, అంటే సగటున మూడున్నర మాత్రమే పెరుగుతుంది. గుంపు చెదరకముందు, మొదటి రౌండ్‌లోనే మూడో స్థాయి స్లాట్‌తో వేయడమే నా దృష్టిలో దీనికి సరైన వాడకం.