కూల్‌డ్రింక్ మానేసి టీ, కాఫీలకు మారడం ఎలా?

కోలా సీసాలో మనం అలవాటు పడేవి మూడు: కెఫీన్, చక్కెర, గొంతులో చురుక్కుమనే గ్యాస్. మూడూ ఒకేసారి ఆపేస్తే మర్నాటికే తలపోటు మొదలై చెయ్యి మళ్లీ ఫ్రిజ్ వైపు పోతుంది. ఒక్కోదాన్నీ విడిగా తీర్చుకుంటే పని తేలిక.

ముందు కెఫీన్ లెక్క చూసుకోండి. 300 మి.లీ. కోలాలో ఉండేది సుమారు 30 మిల్లీగ్రాములే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే ప్రకారం 150 మి.లీ. టీలో 30 నుంచి 65, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, డికాషన్ కాఫీలో 80 నుంచి 120 ఉంటుంది. రోజుకు 300 దాటొద్దని ఆ సంస్థ సలహా. రోజూ రెండు కోలాలు తాగేవారికి ఒక కప్పు కాఫీ చాలు. గర్భిణులు మాత్రం ఎంత తాగొచ్చో డాక్టర్‌ను అడగాలి. మీరు తాగేది స్ప్రైటో ఫాంటానో అయితే వాటిలో కెఫీన్ లేదు, మీ పోరాటమంతా తీపితోనే.

కెఫీన్ ఆగిన 12 నుంచి 24 గంటల్లో తలపోటు వస్తుంది, వారం దాకా ఉండొచ్చు. అందుకే కోలా తాగే వేళకే టీ పెట్టుకోండి.

గ్యాస్ కావాలనిపిస్తే టీ సోడా చేసుకోండి, కోలాకు అన్నిటికన్నా దగ్గరగా ఉండేది ఇదే. 200 మి.లీ. నీళ్లు మరిగించి, పొయ్యి కట్టేసి, రెండు చెంచాల టీపొడి వేసి మూతపెట్టండి. నాలుగు నిమిషాలకు వడకట్టాలి. పొడిని నీళ్లలో మరగనిస్తే వగరెక్కి, చల్లారాక నోరు పట్టేస్తుంది. వేడిగా ఉండగానే రెండు చెంచాల చక్కెర కలపండి, చల్లటి టీలో అది సరిగా కరగదు. బయటే పూర్తిగా చల్లారనిచ్చాక ఫ్రిజ్‌లో పెట్టండి, వేడిమీద పెడితే టీ మబ్బుగా మారుతుంది. గ్లాసులో సగం టీ, అరచెక్క నిమ్మరసం, చిటికెడు ఉప్పు వేసి, బాగా చల్లబడ్డ సోడాను చివర్లో గ్లాసు అంచు వెంట మెల్లగా పోయండి. సోడా పోశాక చెంచా పెట్టి తిప్పితే గ్యాసంతా పోతుంది.

కాఫీ ఇష్టమైతే ఫిల్టర్ పై గిన్నెలో నాలుగు చెంచాల పొడి వేసి, ప్లంజర్‌తో తేలిగ్గా అదిమి, మరిగి ఒక నిమిషం ఆగిన నీళ్లు 150 మి.లీ. పోయండి. పావుగంట నుంచి ఇరవై నిమిషాల్లో డికాషన్ దిగాలి. అరగంటైనా చుక్క దిగకపోతే పొడి మరీ మెత్తనిదో, గట్టిగా అదిమారో. అయిదు నిమిషాల్లోనే దిగిపోతే నీళ్లలా పలచగా ఉంటుంది, ఈసారి కాస్త ఎక్కువ అదమండి. కాఫీపొడిలో కలిపే చికోరీ వేరు పొడిలో కెఫీన్ ఉండదు కాబట్టి అది ఎక్కువున్న పొడితో రంగొస్తుంది గానీ తలపోటు తగ్గదు.

ఇక చక్కెర. 300 మి.లీ. కోలాలో 30 గ్రాముల పైమాటే, అంటే ఆరేడు చెంచాలు. టీలో రెండు చెంచాలతో మొదలుపెట్టి వారానికి అరచెంచా చొప్పున తగ్గించండి. కోలా మానేసి రోజుకు నాలుగు ఇరానీ చాయ్‌లు పట్టించేవాళ్లు మోసపోయేది ఇక్కడే, తీపి అలాగే ఉండిపోతుంది.

భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ వద్దు. వాటిలోని టానిన్లు (వగరునిచ్చే పదార్థాలు) తిండిలోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వవు. భోజనంతో పాటు కోలా తాగే అలవాటుంటే ఆ వేళకు ఉప్పేసిన నిమ్మ సోడానో, పలచటి మజ్జిగో పెట్టుకోండి. సాయంత్రం నాలుగు దాటాక కెఫీన్ తగ్గిస్తే నిద్ర చెడదు.